తలపాగా చిత్రకారుడు

నరసాపురం,
6 జనవరి 2025

అమ్మడూ నిఖిలా,

మీ అమ్మ ఫోన్ కలిపి ఇచ్చినప్పుడల్లా అటునుంచి నాకు వినపడేది మీ ఊరి వాన చప్పుడే. నీకు మాట రాక కాదు, ఫోన్‌లో రాదు. కాన్వెంటులో సిస్టర్లు నీ నోరు ఎలా కట్టేశారోగానీ, కాగితం మీద మాత్రం బాగానే మాట్లాడతావు. అంచేత ఈ ఉత్తరం. జవాబు కూడా కాగితం మీదే రాయి. వాట్సాప్‌లో పెట్టావంటే మన వాళ్ళంతా దణ్ణాల బొమ్మలు పెట్టి అసలు సంగతిని కింద పాతేస్తారు.

సంగతి ఏమిటంటే, మన ఊళ్ళో పిల్లలకి బొమ్మలు నేర్పడానికి చిత్రకళా మందిరం కట్టారు. ఉగాదికి ప్రారంభం. దానికి మా తాతగారు, అంటే నీ ముత్తాత, వెంకటేశ్వర రావు గారి పేరు పెట్టాలని కమిటీలో పట్టుబట్టాను. ఆ రోజుల్లోనే ఓడెక్కి మీ డబ్లిన్ దాకా వెళ్ళి, ఏళ్ళ తరబడి చిత్రకారుల మధ్య ఉండి వచ్చిన మనిషి. మన జిల్లాలో ఇంకెవరున్నారు? దానికి మా అధ్యక్షుడు దేవదాసు గారు, "ముఖం చూపించండి మేడమ్. ముఖం లేని మనిషి పేరు గోడకి ఎలా ఎక్కిస్తాం?" అన్నాడు. వాళ్ళ నాన్నగారి పేరు పెట్టాలని ఆయన తాపత్రయం. ఆ నాన్నగారి ఫొటోలు బోలెడు. ఒకదాంట్లో చేతిలో కుంచె కూడా ఉంది. సున్నం వేసే కుంచె.

మా తాతగారి ఫొటో ఒక్కటీ లేదు. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆయన నమ్మకం. తన పెళ్ళిలో కూడా ఫొటోగ్రాఫరు రాగానే తలుపు వెనక్కి వెళ్ళి నిలబడ్డారట. ఆయన తెచ్చుకున్న చెక్కపెట్టె మాత్రం నా దగ్గరుంది. మూత మీద మేకుతో "వెం" అని గీసుకున్నారు. లోపల సూదుల్లా చెక్కిన పెన్సిళ్ళు. రంగులు ఒక్కటీ లేవు. ఎండిపోతే ఎవరో పారేసి ఉంటారు.

నువ్వు ఉన్నది పాత ఫొటోల మధ్యే కదా. అక్కడి దొరలు ఆయన్ని ఒక్కసారైనా బలవంతాన కుర్చీలో కూర్చోబెట్టి ఉంటారు. వెతుకు.

మీ ఇంటి ఓనరు ఇంగువ వాసనకి ఇంకా కిటికీలు తెరుస్తున్నాడా?

ఆశీస్సులతో,
ప్రభావతి పెద్దమ్మ


బ్లాంచర్డ్స్‌టౌన్, డబ్లిన్,
17 జనవరి 2025

పెద్దమ్మకు,

మీ ఉత్తరం అందింది. ఓనరు కిటికీలు తెరవడం మానేశాడు. ఇప్పుడు ఆయనే చారులో ఇంగువ ఎక్కువ వేయమంటున్నాడు. వంటింటి అలమరను ఇక్కడ ప్రెస్ అంటారు. నా ఇంగువ డబ్బా నా ప్రెస్‌లోంచి ఆయన ప్రెస్‌లోకి మారిపోయింది. నేను అడగలేదు.

నేను చదువుకుంటూ పనిచేసే ఆర్కైవ్‌లో వందేళ్ళు దాటిన గాజు నెగెటివ్‌లు ఉన్నాయి. అప్పట్లో ఇక్కడ ఒక స్టూడియో చిత్రకారుల ఫొటోలు తీయడంలో పేరు పొందింది. ఆ గాజు ప్లేట్లను తుడిచి, చూసి, పేరు రాసిపెట్టడం నా పని. నా పై అధికారి ఫినోలా అనే ఆవిడ.

ఆ ఫొటోల సంగతి మీకు ముందే చెప్పాలి. చిత్రకారులంతా మఖమల్ కోటులో, చేతిలో రంగుల పలకతో, దూరంగా ఏదో చూస్తూ ఉంటారు. కోటు అందరిదీ ఒకటే. ఎడమ మోచేతి దగ్గర అదే మాసిక కనిపిస్తుంది. పలక మీద రంగు చుక్క కూడా ఉండదు. అవన్నీ స్టూడియో వస్తువులు. అంటే ఫొటోలో పలక పట్టుకున్నంత మాత్రాన ఏమీ రుజువు కాదు.

పేరు తెలియని ఒక ఫొటోలో మాత్రం మనిషికి తలపాగా ఉంది. దాని ప్రింటు జతచేస్తున్నాను. ఈయన ముత్తాత అని నేను అనడం లేదు. కాదనే అనుకుంటున్నాను. మీరు అడిగారు కాబట్టి పంపుతున్నాను.

నమస్కారాలతో,
నిఖిల


నరసాపురం,
6 ఫిబ్రవరి 2025

బంగారు తల్లీ,

కవరు చింపి ఫొటోని కిటికీ వెలుగులో పెట్టి చూశాను. ఆ ముక్కు చూడు. మీ మామయ్య ముక్కు, మీ అమ్మ ముక్కు, మొటిమలు తీసేస్తే నీ ముక్కు. ఆ తలపాగా కట్టు కూడా మన గోదావరి వైపు కట్టే. జరీ లేదు. పరాయి దేశంలో కూడా ఎంత నిరాడంబరంగా ఉన్నారో.

"కాదనే అనుకుంటున్నాను" అని రాశావు. చదివి నవ్వుకున్నాను. నీకు పదో తరగతిలో ఫస్టు వచ్చినప్పుడు కూడా "నాది కాదేమో" అన్నావు.

మొన్న రథసప్తమి తాతగారి తిథి. మీ మామయ్య ఏటా దర్భల కూర్చకి తద్దినం పెట్టేవాడు. ఈసారి ఎదురుగా ఫొటో ఉంది. పెద్దది చేయించి, అద్దం కట్టించి, బొట్టు పెట్టి, గంధం చెక్కల దండ వేశాను. గారెలు ఎప్పుడూ లేనంత బాగా వచ్చాయి. మీ మామయ్య తిని, "ఇన్నాళ్ళకి ముఖం చూసి పెట్టాం, తాతకి ముట్టిందే అక్కా," అన్నాడు. వాడు ఏదైనా బాగుందని అనడం నేను వినడం ఇదే మొదటిసారి.

దండతో ఉన్న ఫొటో పంపుతున్నాను. దేవదాసు గారికి చూపించాను. చాలాసేపు చూసి, "మేడమ్, దొరలా ఉన్నాడే," అన్నాడు. "చలిదేశంలో ఉంటే రంగు తేలదా అండీ?" అన్నాను.

నీ పెద్దమ్మ


డబ్లిన్,
18 ఫిబ్రవరి 2025

పెద్దమ్మకు,

ఒక పొరపాటు జరిగింది. రెండు అనాలేమో.

మీ కవరు ఆఫీసులో తెరిచాను. దండ వేసిన ఫొటో బల్ల మీద పడింది. ఫినోలా చూసి, "ఇది మన ప్లేటు కదా, ఎవరింట్లో ఉంది?" అని అడిగింది. "మా పెద్దమ్మ వాళ్ళింట్లో. ఆవిడ ఈయన్ని తన తాత అనుకుంటోంది, కానీ..." అన్నాను. "కానీ" దగ్గరికి వచ్చేసరికి ఆమె డైరెక్టరు గదిలో ఉంది. తిరిగి వచ్చాక మళ్ళీ "కానీ" అన్నాను. "గ్రాండ్, గ్రాండ్," అంది. ఇక్కడ ఆ మాట అన్నారంటే ఆ సంగతి అయిపోయినట్టే.

ఆ ప్లేటు వివరాలు రాసే కార్డు మీద "పేరు తెలియని చిత్రకారుడు" అని ఉండేది. ఇప్పుడు "వెంకటేశ్వర రావు, భారతీయ చిత్రకారుడు. కుటుంబం ధ్రువీకరించింది" అని మార్చారు. మార్చి 27న ప్రదర్శన మొదలవుతుంది. ఈ ఫొటో గురించి నేను మాట్లాడాలట. నలుగురి ముందు.

ఇక్కడి ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్ హనుమత్ప్రసాద్ అంకుల్ మా వైపు తెలుగు సంఘానికి అధ్యక్షుడు. ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు. "చూశావామ్మా, మనవాడు ఇక్కడికి ఎప్పుడొచ్చాడో. ఊరికి అటు చివర శాండీఫోర్డ్ వాళ్ళు తమ సంఘం మాకంటే పాతదని ఎగురుతుంటారు కదా, ఇప్పుడు చెప్పమను," అన్నారు. సభకి నాకోసం శాలువా తెస్తారట.

పెద్దమ్మా, ఫొటోలో కళ్ళు చూడండి. దాదాపు తెల్లగా ఉన్నాయి. ఆ కాలపు ప్లేట్ల మీద నీలికళ్ళు అలాగే పడతాయి. ముత్తాతవి నీలికళ్ళు కావు కదా. దయచేసి ఆలోచించండి.

నిఖిల


నరసాపురం,
28 ఫిబ్రవరి 2025

నిఖిలా,

ఆలోచించాను. శుక్లాలు.

మన వంశంలో శుక్లాలు రానివాళ్ళు ఎవరు? మా నాన్నగారికి వచ్చాయి, నాకు వచ్చాయి, మీ మామయ్యకి వస్తున్నాయి. పాపం, కళ్ళు అలా ఉండి కూడా బొమ్మలు వేశారంటే మరింత గొప్ప కదా. కమిటీలో చెప్తే ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. దేవదాసు గారు తుడుచుకోలేదు. "మీ ఇంట్లోవాళ్ళు కాక, బయటివాళ్ళెవరైనా ఈయనే ఆయన అని రాసిస్తే చాలు," అన్నాడు.

అంచేత ఫినోలా గారిని అడిగి, వాళ్ళ ముద్ర ఉన్న కాగితం మీద రెండు వాక్యాలు రాయించు. నువ్వు అడగవని తెలిసి నేనే మీ మామయ్య చేత ఆవిడకి ఈ-మెయిలు పెట్టించాను. వెంటనే ఒప్పుకుందట. మంచి మనిషి.

సభలో ఏ చీర కడతావు? చలికి పైన కోటు వేసుకుంటే చీర ఎవరికీ కనపడదు. కోటు విప్పు.

పెద్దమ్మ


డబ్లిన్,
13 మార్చి 2025

పెద్దమ్మకు,

ఫినోలా మీకు పంపిన ధ్రువపత్రం చదివాను. "కుటుంబం ఇచ్చిన సమాచారం ఆధారంగా ఈయన వెంకటేశ్వర రావు గారే" అని ఉంది. మా కార్డుకి ఆధారం మీరు. మీ హాలుకి ఆధారం మా కార్డు. మధ్యలో ఉన్నది నేను, నాకు తప్ప ఎవరికీ అనుమానం లేదు.

ఇప్పుడు అనుమానం కూడా లేదు. ఆ రోజు అదే కుర్చీలో తీసిన రెండో ప్లేటు వేరే పెట్టెలో దొరికింది. అదే మనిషి, అదే ఉంగరం. తలపాగా లేదు. ఉంగరాల జుట్టు, ముఖం నిండా మచ్చలు. దాని కవరు మీద పేరుంది. జెరల్డ్ ట్రేసీ, కార్క్ ఊరివాడు, కొండల బొమ్మలు వేసేవాడు. తలపాగా కుర్చీ వీపుకి వేలాడుతోంది. చారలు కనిపిస్తున్నాయి. అది స్నానాల తువ్వాలు. అప్పట్లో చిత్రకారులు మన దేశం వాళ్ళలా, అరబ్బుల్లా వేషం వేసుకుని ఫొటోలు దిగేవాళ్ళు. అదొక సరదా.

ఫినోలాకి చెప్పడానికి నోరు రాక కాగితం మీద రాసి ఆమె బల్ల మీద పెట్టాను. దాని మీద కాఫీ కప్పు పెట్టుకుంది. మర్నాడు ఆ కాగితం లేదు.

నేను ఊరుకుంటే హాలుకి ముత్తాత పేరు ఉంటుంది. నిజం చెప్తే ఉండదు. మీ మాట పోతుంది, దేవదాసు గారి మాట నిలుస్తుంది. అది నాకు తెలుసు. కానీ మీరు రోజూ దణ్ణం పెడుతున్నది తువ్వాలు చుట్టుకుని వేళాకోళం చేసిన మనిషికి. అది కూడా నాకు తెలుసు, మీకు తెలియదు. నిద్ర పట్టడం లేదు.

ఏం చేయమంటారో చెప్పండి. వద్దంటే చెప్పను.

నిఖిల


నరసాపురం,
15 మార్చి 2025

అమ్మడూ,

నీ ఉత్తరం ఈ వారం రాలేదు. పోస్టుమాన్‌ని అడిగితే "మీ దేశం ఉత్తరాలు మీ దేశంలోనే ఉన్నాయండి," అంటాడు. నాకెప్పుడొచ్చిందో ఆ దేశం.

ధ్రువపత్రం వచ్చింది. కమిటీ ఒప్పుకుంది. మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టారు. మధ్యలో తాతగారు, చుట్టూ కమిటీ సభ్యులు. దేవదాసు గారి బొమ్మ తాతగారి తలపాగా కంటే కొంచెం పెద్దది. పోనీలే.

నీ సభ గురించే దిగులు. నలుగురిలో నిలబడితే నీ గొంతు ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. చిన్నప్పుడు స్కూల్లో పద్యం చెప్పడానికి స్టేజీ ఎక్కి, కర్టెన్ వెనక్కి వెళ్ళి చెప్పావు. పద్యం ఒక్క తప్పు లేకుండా వచ్చింది, మనిషే కనపడలేదు. ఈసారి అలా చేయకు. అలంకారాలు అక్కర్లేదు. ఎవరికీ భయపడకు. తాతగారి గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పు. చాలు.

పెద్దమ్మ


డబ్లిన్,
29 మార్చి 2025

పెద్దమ్మకు,

నా ఉత్తరం చేరకముందు మీరు రాసిన ఉత్తరం సభకు ముందురోజు అందింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నారు. ఏ ఉద్దేశంతో అన్నారో నాకు అర్థమైంది. అయినా ఆ మాటనే పట్టుకున్నాను.

చెప్పాను. కోటు విప్పే చెప్పాను. రెండు ఫొటోలూ పక్కపక్కన చూపించాను. ట్రేసీ పేరు చెప్పాను. తువ్వాలు దగ్గర ఎవరో నవ్వారు. ఫినోలా నవ్వలేదు. హనుమత్ప్రసాద్ అంకుల్ ఒళ్ళో శాలువా పెట్టుకుని అలాగే కూర్చున్నారు. శాండీఫోర్డ్ సంఘం వాళ్ళు చప్పట్లు కొట్టారు.

అప్పుడు చివరి వరసలో ఒక ముసలావిడ లేచింది. పేపర్లో ఫొటో చూసి కార్క్ నుంచి రైలెక్కి వచ్చిందట. ట్రేసీకి తమ్ముడి మనవరాలు. "ఆ తువ్వాలు మా ఇంట్లో ఇంకా ఉంది. ఇప్పుడు కుక్కని తుడుస్తాం," అంది. తర్వాత తలపాగా ఫొటో దగ్గరికి వచ్చి చూసి, "అవును గానీ, ఇందులో ఆ మచ్చ ఏదీ?" అని అడిగింది. ట్రేసీకి చిన్నప్పుడు గేటు తగిలి రెండు కనుబొమల మధ్య లోతుగా మచ్చ పడిందట. అది లేని జెరల్డ్‌ని వాళ్ళింట్లో ఎవరూ చూడలేదట.

అంకుల్‌కి శాలువాని ఏం చేయాలో తోచలేదు. "తెచ్చేశాం కదమ్మా," అని ఆవిడకే కప్పారు. ఆవిడ కార్క్ దాకా కప్పుకునే వెళ్ళి ఉంటుంది.

ఆ సాయంత్రం తలపాగా ప్లేటు తీసి వెలుగుకి పెట్టి చూశాను. మచ్చ ఉండాల్సిన చోట సన్నటి పెన్సిల్ గీతలు ఉన్నాయి, వెంట్రుక కంటే సన్నం. గాజు మీద పెన్సిల్‌తో నల్లగా దిద్దితే ఫొటోలో ఆ చోటు తెల్లబడి నునుపుగా వస్తుంది. ముడతలు, మచ్చలు, కళ్ళ కింద గుంతలు అన్నీ అలా తీసేసేవారు. దానికి సూదుల్లా చెక్కిన పెన్సిళ్ళు కావాలి.

అంచున ఒక గీత ఉంది. మా కార్డులో దాన్ని "గోరు గీసుకుపోయిన గుర్తు" అని రాశారు. నేను కూడా అదే అనుకుని తుడిచి పక్కన పెట్టాను. ఈసారి ప్లేటు అటు తిప్పాను. అది గీత కాదు. "వెం".

మీ పెట్టె మూత మీద ఎలా ఉందని రాశారో అలా. ఇంకో ప్లేటు తీశాను. దాని మీదా ఉంది. చీకటి పడేదాకా తీస్తూనే ఉన్నాను. ఇక్కడి పేరుమోసిన చిత్రకారులందరి అంచునా ఉంది. వందేళ్ళుగా ఎందరో ఆ గుర్తు చూశారు, తెలుగు వచ్చినవాళ్ళు చూడలేదు.

పెద్దమ్మా, ముత్తాత చిత్రకారుడు కాదు. చిత్రకారుల ముఖాలు దిద్దేవాడు. ఆయన ముఖం ఇక్కడ ఎక్కడా లేదు. వెతకడం మానేశాను.

ఫినోలాకి ప్లేటు చూపించి, వాక్యం మొత్తం చెప్పాను. ఆమె ఆఖరిదాకా విని, "కాఫీ కింద కాగితం నీదేనా?" అని అడిగింది. కార్డు మళ్ళీ మారుస్తోంది.

రేపే ఉగాది. అక్కడ ఏమైందో రాయండి. మీ హాలు నా వల్ల పోయి ఉంటే, నాకు కోపంగానే రాయండి.

నిఖిల


నరసాపురం,
10 ఏప్రిల్ 2025

నిఖిలా,

నీ తువ్వాలు ఉత్తరం ఉగాదికి ముందే వచ్చింది. చదివి, మడిచి, పోపులపెట్టెలో ఆవాల కింద పెట్టాను. పండగనాడు నలుగురితో పాటు వెళ్ళి చప్పట్లు కొట్టాను. రాష్ట్రంలో ఏదో పదవిలో ఉన్నాయన వచ్చి నీ ట్రేసీకి పూలదండ వేసి, తెలుగువాడి తలపాగా ప్రపంచానికే తలమానికం అని అరగంట మాట్లాడాడు. నాకు తువ్వాలే కనపడుతోంది. చారలతో సహా.

ఇంటికొచ్చి ఫొటోకి దీపం పెట్టలేదు. బొట్టు మార్చలేదు. దండ వేసినవాణ్ణి దించలేను, అలాగని చూడనూ లేను. మీ మామయ్య వచ్చి, "ఏంటే అక్కా, తాత మీద అలిగావా?" అన్నాడు. "ఆయన మీద కాదురా," అన్నాను. ఎవరి మీదో చెప్పలేదు.

నిన్న నీ రెండో ఉత్తరం వచ్చింది. చదివి ఆ పెట్టె తీసి పెన్సిళ్ళన్నీ మంచం మీద పరిచాను. రంగులు ఎవరో పారేశారని ఇన్నేళ్ళూ ఎంతమందిని తిట్టుకున్నానో. మా అత్తగారిని కూడా. అసలు రంగులే లేవు.

మన ఊరి పాత స్టూడియోలో ఇలా ముఖాలు దిద్దడాన్ని టచింగ్ అనేవారు. నా పెళ్ళిచూపుల ఫొటోకి చేయించారు. మీ పెదనాన్న అది చూసే ఒప్పుకున్నారు.

తర్వాత దేవదాసు గారింటికి వెళ్ళి రెండు ఉత్తరాలూ ముందు పెట్టాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, "అంటే ఫొటోలో మనిషి మీవాడు కాదన్నమాట," అన్నాడు. "మనిషి మావాడు కాదు. ఫొటో మావాడిది," అన్నాను. ఆయనకి జవాబు దొరికేదాకా తాతగారి పేరు బోర్డు ఉంటుంది. ఇంకో మాట కూడా అన్నాను. మందిరంలో పిల్లలకి పెన్సిలు చెక్కడం నుంచి మొదలుపెట్టి నేర్పాలని. దానికి మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు.

నువ్వు నలుగురిలో లేచి మాట్లాడావు. అందుకు కోపంగా రాద్దామని చాలాసేపు ప్రయత్నించాను. రావడం లేదు.

ట్రేసీని దించను. వచ్చే రథసప్తమికి గారెలు ఆయనకీ పెడతాను. తినేసినవాణ్ణి పరాయివాడని ఎలా అంటాం. ఆ ముసలావిడకి కూడా చెప్పు.

ఇందాక ఫొటో అద్దం తుడిచాను. నువ్వు రాసిన ఆ మచ్చ చోటు వెతికాను. రెండు కనుబొమల మధ్య. మా తాతగారి చెయ్యి ఆనిన చోటు. ఇన్నాళ్ళూ నేను బొట్టు పెడుతున్నది సరిగ్గా అక్కడే.

మళ్ళీ పెట్టాను.

నీ
పెద్దమ్మ